వార్ధక్యమున ఆటలు

ఆటలనగానే మనకు పిల్లలు జ్ఞాపకము వత్తురు. పాఠశాలలో ఆటల గంట పిల్లలకే. ఊరి క్రీడాస్థలము యువకులకే. అరువదేండ్లు దాటినవారు ఆడుకొనుచుండగా చూచి, "వీరికి వేరే పని లేదు కాబోలు" అని కొందరు నవ్వుదురు. ఈ నవ్వు న్యాయమైనదేనా? వయస్సు మళ్లినవారికి ఆటవలన కాలక్షేపము తప్ప మరేదైన లాభము కలదా? ఉన్నచో అది ఎట్లు కలుగుచున్నది? ఈ ప్రశ్నలకు విజ్ఞానశాస్త్రము ఏమి చెప్పుచున్నదో ఈ వ్యాసములో చూతము.

దేవరకొండ నుండి కల్వకుర్తి వైపు పోవు మెట్టప్రాంతములోని ఒక గ్రామమున, వేపచెట్టు క్రింద ఒక రాతిబండపై పులి-మేక ఆట గీతలు చెక్కి యున్నవి. నేను చూచిననాడు ఒక వృద్ధుడు ఆ గీతలపై గులకరాళ్లు పేర్చుకొని ఒంటరిగా కూర్చుండి యుండెను. "ఆడుతలేవా తాతా?" అని అడిగితిని. ఆయన నవ్వి, "ఎవలతోని ఆడాలె సారూ? నా జతగాడు కొడుకుతోని బొంబాయి పోయిండు. పులీ నేనే, మేకా నేనే అయితే ఇగ ఆటేముంటది?" అనెను.

ఆటవలన వృద్ధులకు కలుగు మేలును గురించి శాస్త్రజ్ఞులు అనేక సంవత్సరములు శ్రమించి తెలిసికొన్నదానిలో సగభాగము ఈ మాటలోనే ఉన్నది. మిగిలిన సగము మెదడుకు సంబంధించినది. ముందుగా దానిని తెలిసికొందము.

మన ఆటలలో మెదడు చేయు పని

పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు 2016 తరువాత పలు జిల్లాలుగా విభజింపబడినవి. కాని ఆ పల్లెలలో పెద్దలు ఎరిగిన ఆటలు అవే. పులి-మేక, అష్టా చెమ్మ, దాడి, వామనగుంటలు అందులో ముఖ్యమైనవి. వీటికి కావలసిన సామగ్రి సుద్దముక్క, గులకరాళ్లు, గవ్వలు, చింతగింజలు మాత్రమే. అయితే సామగ్రి స్వల్పమైనను మెదడుకు కలుగు శ్రమ స్వల్పము కాదు.

పులి-మేక ఆటనే తీసికొందము. ఇందులో 23 స్థానములు, 3 పులులు, 15 మేకలు ఉండును. పులి మేకమీదుగా దుమికి దానిని చంపును. మేకలు పులిని చంపలేవు. నాలుగు ప్రక్కల మూగి దానిని కదలకుండ కట్టివేయవలెను. మేకలవాడు ఒక రాయి పెట్టుటకు ముందు, "ఇచట పెట్టినచో పులి ఎటు దుముకును? దాని వెనుక స్థానము ఖాళీగా ఉన్నదా?" అని ఊహింపవలెను. ఆ ఊహలో ఏర్పడిన చిత్రమును కొన్ని క్షణములు మనస్సులో నిలుపుకొనవలెను. తొందరపడి పెట్టబోవు చేతిని తానే ఆపుకొనవలెను. అన్నిటికంటె ముఖ్యముగా ఎదుటివాని ఎత్తు ఏమో కనిపెట్టవలెను.

అష్టా చెమ్మలో 25 గడులు, 4 గవ్వలు ఉండును. గవ్వలు ఎట్లు పడునో మన చేతిలో లేదు; కాని పడిన పందెముతో ఏ కాయను నడపవలెనో మన చేతిలోనే ఉన్నది. వామనగుంటలలో 14 గుంటలు. ఒక గుంటలోని చింతగింజలను తీసి వరుసగా పంచుకొనుచు పోయినచో చివరి గింజ ఎచట పడునో ముందే లెక్కింపగల అవ్వ తరచుగా గెలుచును.

ఇట్లు కొద్దిసేపు మనస్సులో ఉంచుకొని పనిచేయు జ్ఞాపకము, ముందుచూపు, నిగ్రహము అను శక్తులు ఎక్కువగా మెదడు ముందుభాగముపై ఆధారపడి యున్నవి. వయస్సు పెరిగినకొలది మెదడు పనిచేయు వేగము తగ్గును; ఒకేసారి అనేక విషయములను మనస్సులో నిలుపుకొనుట కష్టమగును. కాని పదసంపద, లోకానుభవము చాలకాలము నిలిచియుండును. అందువలననే పేరు వెంటనే స్ఫురింపని తాత సామెత మాత్రము తడుముకొనకుండ చెప్పగలడు. ఏ శక్తులు వయస్సుతో ముందుగా సన్నగిల్లునో, ఆ శక్తులకే ఈ ఆటలు పని కల్పించుచున్నవి.

బుద్ధి నిల్వ

1988లో అమెరికా దేశపు వైద్యశాస్త్రజ్ఞుడు రాబర్ట్ కాట్జ్‌మన్, ఆయన సహచరులు ఒక విచిత్రమైన విషయమును ప్రకటించిరి. మరణించిన 137 మంది వృద్ధుల మెదళ్లను వారు పరీక్షించిరి. వారిలో 10 మంది మెదళ్లలో ఆల్జైమర్ వ్యాధి గుర్తులు విస్తారముగా కనిపించినవి. కాని ఆ పదిమంది బ్రతికియున్నపుడు మతి చెడక తమ పనులు తాము చక్కగా చేసికొనినవారే! మెదడులో వ్యాధి ఉన్నను వారి బుద్ధి ఎట్లు నిలిచినది?

దీనిని వివరించుటకు శాస్త్రజ్ఞులు 'బుద్ధి నిల్వ' అను భావమును ముందుకు తెచ్చిరి. మన ప్రాంతపు చెరువులతో దీనిని పోల్చవచ్చును. వానలు వెనుకబడిన సంవత్సరము ఎండ అన్ని చెరువులపై ఒకే రీతిగా కాయును. లోతులేని కుంట సంక్రాంతికే ఎండిపోవును. పూడిక తీసిన లోతైన చెరువు వేసవి వరకు పొలమునకు నీరందించును. చదువు, మేధస్సుకు పనిపెట్టు వృత్తులు, ఆటలు, నలుగురితో సహవాసము మెదడు చెరువును లోతు చేయుననియు, వ్యాధి వచ్చినను దాని లక్షణములు బయటపడుట ఆలస్యమగుననియు ఈ భావమునకు అర్థము. ఎండను మనము ఆపలేము. పూడిక మాత్రము తీయగలము.

లెక్కలు చెప్పునది, చెప్పనిది

2003లో న్యూయార్కు నగరములోని బ్రాంక్స్ ప్రాంతపు వృద్ధులపై జరిగిన ఒక పరిశీలన ఫలితములు ప్రకటింపబడినవి. 75 ఏండ్లు దాటిన 469 మందిని సుమారు ఐదేండ్లకు పైగా గమనించిరి. వారిలో 124 మందికి మతిమరపు వ్యాధి, అనగా డిమెన్షియా, వచ్చినది. చదువుట, బల్లపై ఆడు ఆటలు లేక పేకాట, వాద్యములు వాయించుట, నాట్యము అను నాలుగు అలవాట్లు ఉన్నవారిలో ఆ వ్యాధి తక్కువగా కనిపించినది.

ఇది చదివి, "ఆట ఆడినచో మతిమరపు రాదు" అని వెంటనే తీర్మానింపవచ్చునా? విద్యార్థులు ఇచట కొంచెము ఆగి ఆలోచింపవలెను. రచ్చకట్టకు వచ్చి ఆడువారు ఎవరు? నడువగలవారు, మాట వినబడువారు, ఇదివరకే బుద్ధి చురుకుగా ఉన్నవారు. మతి తప్పుట ఆరంభమైనవాడు ఓడిపోవుటకు సిగ్గుపడి ఆట మానుకొని ఇంటనే ఉండవచ్చును. అట్లయినచో ఆట మానుట వ్యాధికి కారణము కాదు. వ్యాధియే ఆట మానుటకు కారణము. రెండు విషయములు జంటగా కనిపించినంత మాత్రమున ఒకటి రెండవదానికి కారణమని చెప్పరాదు.

ఈ చిక్కు ఊహామాత్రము కాదు. ఫ్రాన్సు దేశములో బోర్డో ప్రాంతపు 3,675 మంది వృద్ధులను 20 ఏండ్లు గమనించిన పరిశీలన 2013లో వెలువడినది. ఆటలాడువారిలో మతిమరపు వ్యాధి 15 శాతము తక్కువగా కనిపించినది. కాని ఆరంభములోనే వారి బుద్ధిబలము, మనస్సులోని దిగులు ఎంత ఉన్నవో లెక్కలోనికి తీసికొనగా ఆ భేదము దాదాపు మాయమైనది. మరియొక ప్రక్క స్కాట్లండులో 1936లో జన్మించిన వారిపై జరిగిన పరిశీలన కలదు. వారికి 11వ ఏట, 1947లో, జరిపిన బుద్ధి పరీక్షల ఫలితములు భద్రపరుపబడి యున్నవి. వారిలో 1,091 మందికి 70వ ఏట మొదలుకొని 79వ ఏటి వరకు మరల పరీక్షలు జరిపిరి. చిన్ననాటి తెలివిని లెక్కలోనికి తీసికొన్నను, ఎక్కువగా ఆడువారి బుద్ధి తక్కువగా క్షీణించినట్లు 2020లో తేలినది.

కనుక సత్యము ఇది: ఆట మందు కాదు. వ్యాధిని తప్పక ఆపునని చెప్పుటకు ఆధారము లేదు. బుద్ధిని నిలుపుటలో అది తోడ్పడునని నమ్ముటకు మాత్రము తగిన కారణములు కలవు. అమెరికాలో 1998లో ఆరంభమైన ఒక పెద్ద ప్రయోగములో 2,802 మంది వృద్ధులు పాల్గొనిరి. అందులో ఏ శక్తికి శిక్షణ ఇచ్చిరో ఆ శక్తియే ముఖ్యముగా మెరుగుపడినది. కాబట్టి ఒకే ఆటను పట్టుకొనుటకంటె పలువిధముల ఆటలాడుట మేలని తోచుచున్నది.

ఎదుట కూర్చుండువాడు

ఇపుడు వేపచెట్టు క్రింది తాత మాటకు వత్తము. ఆటకు ఎదుటివాడు కావలెను. ఆ ఎదుటివాడే ఆటలోని రెండవ ఔషధము.

2010లో ప్రకటింపబడిన ఒక సమీక్షలో 148 పరిశీలనలను, అనగా 3,08,849 మంది వివరములను ఒకచోట చేర్చి చూచిరి. నలుగురితో గట్టి సంబంధములు ఉన్నవారు ఆ కాలములో బ్రతికియుండు అవకాశము, అట్టి సంబంధములు లేనివారికంటె 50 శాతము ఎక్కువగా ఉన్నది. 2024లో లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన సంఘము మతిమరపు వ్యాధికి సంబంధించి, మనము మార్చగల 14 కారణములను పేర్కొన్నది. వాటిలో ఒంటరితనము, దిగులు, వినికిడి లోపము, చూపు లోపము, చదువు లేకపోవుట కూడ ఉన్నవి.

ఈ జాబితాను మన పల్లెలలో చదివినచో దాని బరువు తెలియును. పాలమూరు నుండి బొంబాయి, పూణే, హైదరాబాదు నగరములకు కూలికి పోవు వలస తరతరములుగా సాగినది. కొడుకు, కోడలు పోయినపుడు ఇంటికి కాపలాగా ముసలివారు మిగులుదురు. చదువు లేనందున వార్తాపత్రిక వారికి తోడు కాజాలదు. బ్రాంక్స్ వృద్ధులకు మేలు చేసిన నాలుగు అలవాట్లలో మొదటిదైన చదువుట వీరిలో అనేకులకు అందని పండు. కాని పులి-మేకకు అక్షరము అక్కరలేదు. బడికి పోని అవ్వ కూడ వామనగుంటలలో కాలేజి లెక్చరరును ఓడింపగలదు. ఈ ఓటమి నాకు స్వయముగా అనుభవమే.

గెలిచినపుడు ఆ అవ్వ ముఖములో కనిపించు వెలుగు కూడ శాస్త్రవిషయమే. సంపాదన, పెత్తనము తగ్గిన వయస్సున "నీకేమి తెలియును?" అను మాటయే ఎక్కువగా వినవచ్చును. ఆటలో ఆమె నేర్పరి; మనుమడు శిష్యుడు. నేను ఇంకను పనికివత్తును అను భావము దిగులుకు విరుగుడు. స్త్రీలు రచ్చకట్టకు వచ్చుట అరుదు కనుక వారికి ఇంటి అరుగే ఆటస్థలము కావలెను. బతుకమ్మ నాడు చప్పట్లతో అడుగులు వేయుచు పొడవైన పాటలను జ్ఞాపకముంచుకొని పాడుటలో శరీరము, జ్ఞాపకము, సహవాసము మూడును కలిసి యున్నవి. న్యూయార్కు నాట్యము వేరు, మన బతుకమ్మ వేరు; అయినను ఈ మూడింటి కలయిక రెండింటను కలదు.

విద్యార్థులకు ఒక ప్రయోగము

నాలుగు గవ్వలు తీసికొని 160 సార్లు వేయుడు. ఎన్ని గవ్వలు వెల్లకిల పడినవో ప్రతిసారి వ్రాసికొనుడు. గవ్వ వెల్లకిల పడుటకు, బోర్ల పడుటకు సమాన అవకాశమే ఉన్నచో, నాలుగును బోర్ల పడు 'అష్ట' సుమారు 10 సార్లు, ఒకటి వెల్లకిల పడుట 40, రెండు 60, మూడు 40, నాలుగును వెల్లకిల పడు 'చెమ్మ' 10 సార్లు రావలెను. మీ లెక్క దీనికి భిన్నముగా వచ్చినచో ఆశ్చర్యపడకుడు. గవ్వకు రెండు ప్రక్కలు ఒకే తీరుగా ఉండవు. ఈ ప్రయోగమును మాత్రము ఒంటరిగా చేయకుడు. మీ ఇంటనో, ప్రక్క ఇంటనో ఉన్న అవ్వచేత గవ్వలు వేయించి మీరు లెక్క వ్రాయుడు. పిమ్మట ఒక ఆట ఆడుడు. గణితోపాధ్యాయులు దీనిని సంభావ్యత పాఠమునకు ఇంటిపనిగా ఈయవచ్చును.

కొన్ని జాగ్రత్తలు

చూపు తగ్గినవారికి గీతలు లావుగా, కాయలు పెద్దవిగా, రెండు భిన్నమైన రంగులలో ఉండవలెను. నల్లగొండ ప్రాంతములో ఫ్లోరైడు నీటివలన వెన్ను, కీళ్లు బిగిసిన పెద్దలు నేలపై కూర్చుండలేరు. వారికి కుర్చీ వేసి, పటమును ఎత్తుపీటపై ఉంచవలెను. చెవి వినబడనివారికి ఎదురుగా కూర్చుండి నిదానముగా మాటలాడవలెను. డబ్బు ఒడ్డి ఆడుట కూడదు. అట్టి ఆట మనశ్శాంతిని ఈయదు, ఉన్నదానిని తీసికొనిపోవును. ఆలస్యమైనదని పెద్దలను తొందరపెట్టరాదు. తెలిసిన ఆట నియమములను కూడ మరచుట, ఇంటిదారి తప్పుట, డబ్బు లెక్క తెలియకపోవుట వంటివి కనిపించినచో "ముసలితనము అంతే" అని ఊరకుండక వైద్యునికి చూపవలెను. ఆట వైద్యమునకు బదులు కాదు.

ఆ వేపచెట్టు క్రింది బండపై గీతలు చెక్కినవారు ఎవరో తెలియదు. కాని వారు దానిచుట్టు ఇద్దరు కూర్చుండుటకు చోటు విడిచిరి. నేడు ఆ రెండవ చోటు ఖాళీగా ఉన్నది. ఆనాడు నేను కొంతసేపు అందులో కూర్చుండి, తాతకు మేకలనిచ్చి, నేను పులులను తీసికొంటిని. అరగంటలో నా మూడు పులులును కదలలేక నిలిచిపోయినవి. "రేపొస్తవా సారూ?" అని ఆయన అడిగెను. సెలవుదినములలో బడిపిల్లలు ఒక్క గంట ఆ చోట కూర్చుండగలిగినచో, ఆ ప్రశ్నకు ప్రతి ఊరిలోను సమాధానము దొరకును.