గోడ మీది బొమ్మ ఎవరి సొంతం?



మూడు నాలుగేళ్లకోసారి ఊరు మారే మనకు ‘ఇది మాది’ అని చెప్పుకోవడానికి ఏముంటుంది? క్వార్టర్ సర్కారుది, బడి సర్కారుది. గోడకు మేకు కొట్టాలన్నా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాం. మరి ఒక్కరి పేరున ఉన్నదే సొంతమా? పదిమందికీ చెందినదాన్ని కూడా మనది అనవచ్చా? మనం ఉంటున్న జార్ఖండ్‌లోనే, మట్టి గోడల మీద ఈ ప్రశ్నకు ఒక మంచి జవాబు ఉంది.

జంషెడ్‌పూర్ అనగానే అందరికీ ఉక్కు గుర్తొస్తుంది. కానీ మన టాటానగర్ రైల్వే స్టేషన్ పాత పేరు కాలీమాటీ, అంటే నల్లమన్ను. 1919లో ఆ పేరు మారింది. పేరు మారినా చుట్టుపక్కల పల్లెల్లో మట్టితో చేసే కళ మాత్రం నిలిచే ఉంది. ఊరు దాటి సంతాల్ పల్లెల వైపు వెళితే నున్నగా అలికి, రంగుమన్ను పూసిన గోడలు కనిపిస్తాయి. వాటిని సింగారించేది ఎక్కువగా ఆ ఇంటి ఆడవాళ్లే.

ఇక్కడి పెద్ద పండుగల్లో ఒకటి సోహ్రాయ్. అది దీపావళి రోజుల్లో వచ్చే పశువుల పండుగ. మన కనుమను తలచుకోండి. ఆ రోజు పశువులను కడిగి, కొమ్ములకు రంగులు వేసి, పూజ చేస్తాం కదా! సోహ్రాయ్ కూడా అలాంటిదే. హజారీబాగ్ ప్రాంతంలో ఈ పండుగకు గోడల నిండా ఏనుగులు, నెమళ్లు, ఎద్దులు, చెట్లు వేస్తారు. ఎరుపుకు జాజు, తెలుపుకు సుద్దమన్ను, వాటితో పాటు పసుపుపచ్చ మన్ను, నల్లమన్ను వాడతారు. నమిలి కుచ్చు చేసిన పందుంపుల్లే కుంచె.

పెళ్లిళ్ల కాలంలో వేసే బొమ్మలను ఖోవర్ అంటారు. వాటి పద్ధతి వేరు. ముందు గోడకు నల్లమన్ను పూసి ఆరనిస్తారు. దాని మీద తెల్లమన్ను పూసి, అది తడిగా ఉండగానే దువ్వెన ముక్కతోనో వేళ్లతోనో గీస్తారు. గీసినచోట పై పూత పోయి, అడుగున ఉన్న నలుపు బొమ్మగా బయటపడుతుంది.

వానలకు ఈ బొమ్మలు చెరిగిపోతాయి. మళ్లీ పండుగ రాగానే కొత్తవి వేస్తారు. మన ముగ్గు కూడా అంతే కదా! నిన్నటి ముగ్గును ఎవరూ దాచుకోరు. అమ్మ దగ్గర కూతురు, అత్త దగ్గర కోడలు చూసి నేర్చుకుంటారు. కాబట్టి ‘ఈ నెమలి బొమ్మను మొదట వేసింది ఎవరు?’ అంటే ఒక్క పేరు చెప్పడం కుదరదు. అది ఊరి బొమ్మ.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, బొమ్మ గోడ దిగి కాగితం మీదికి, బట్ట మీదికి వచ్చినప్పుడు. గోడను ఎవరూ కొనుక్కుపోలేరు. కాగితాన్ని కొనవచ్చు. దాన్ని చూసి ఎక్కడో దూరాన యంత్రం మీద వేల చీరలపై అచ్చు వేయవచ్చు. అప్పుడు డబ్బు ఒకరికి, పేరు ఇంకొకరికి వెళ్లి, ఆ కళను కాపాడిన ఆడవాళ్లకు ఏమీ మిగలదు. ఒంటరిగా ఒక పల్లెటూరి స్త్రీ దీన్ని ఆపలేదు.

అందుకు దారి కలిసి నిలబడడమే. 1993లో హజారీబాగ్‌లో బులూ ఇమామ్ చొరవతో ‘ట్రైబల్ విమెన్ ఆర్టిస్ట్స్ కోఆపరేటివ్’ మొదలైంది. గోడల మీద బొమ్మలు వేసే స్త్రీలు కాగితం మీద కూడా వేశారు. వారి చిత్రాలు విదేశాల ప్రదర్శనలకూ వెళ్లాయి. తర్వాత 2020లో సోహ్రాయ్-ఖోవర్ చిత్రకళకు భౌగోళిక గుర్తింపు, అంటే మనం వార్తల్లో వినే జీఐ ట్యాగ్, వచ్చింది. అది ఏ వ్యాపారి పేరునో నమోదు కాలేదు. హజారీబాగ్‌లోని ‘సోహ్రాయ్ కళా మహిళా వికాస్ సహయోగ్ సమితి’ అనే మహిళల సహకార సంఘం పేరున నమోదైంది.

ఈ గుర్తింపు 1999 నాటి చట్టం ప్రకారం ఇస్తారు. పదేళ్లకోసారి దాన్ని పొడిగించుకోవాలి. ఈ చట్టంలో ఒక చక్కని మెలిక ఉంది. ఇల్లును అమ్మవచ్చు, పొలాన్ని తాకట్టు పెట్టవచ్చు. జీఐ హక్కును మాత్రం అమ్మడానికీ వీల్లేదు, తాకట్టు పెట్టడానికీ వీల్లేదు. అది ఆ ప్రాంతంలో ఆ పని చేసేవారి దగ్గరే ఉండాలి.

సహకార సంఘం అంటే ఏమిటో కూడా తెలుసుకుందాం. కంపెనీలో ఎక్కువ వాటాలు ఉన్నవారికి ఎక్కువ ఓట్లు ఉంటాయి. సహకార సంఘంలో ఎన్ని వాటాలు ఉన్నా సాధారణంగా మనిషికి ఒకటే ఓటు. 1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో 28 మంది కలిసి ఒక చిన్న దుకాణం పెట్టుకుని ఈ పద్ధతికి పేరు తెచ్చారు. మన తెలుగు నేలపై పోచంపల్లి ఇక్కత్‌కు జీఐ కోసం దరఖాస్తు చేసినవారిలోనూ అక్కడి చేనేత సహకార సంఘం ఉంది.

ఇందులో క్షేమం ఎక్కడుంది అని మీరు అడగవచ్చు. జబ్బు లేకపోవడం ఒక్కటే ఆరోగ్యం కాదని, ఒళ్లూ మనసూ నలుగురితో ఉండే బతుకూ బాగుండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన నియమావళిలోనే చెప్పుకుంది. నలుగురు కూర్చుని గోడ అలుకుతున్నప్పుడు చేతికి పని, మనసుకు మాట దొరుకుతాయి. ఆ పనికి తగిన వెల దొరికితే ఇల్లు గడుస్తుంది. సంఘంలో ఓటు ఉంటే వెల ఎంతో చెప్పే గొంతు వస్తుంది. కళ ఒక్కటే ఉంటే మొదటిది దొరుకుతుంది. మిగతా రెండిటికీ ఉమ్మడి హక్కు కావాలి.

ఇప్పుడు మన సంగతి. సోహ్రాయ్ బొమ్మను చూసి గీయడం నేర్చుకోండి, తప్పు లేదు. కింద మీ పేరుతో పాటు ‘సోహ్రాయ్ శైలి, హజారీబాగ్’ అని కూడా రాయండి. కానీ మేళాలో దాన్ని అసలు సోహ్రాయ్ అని అమ్మకండి, ఆ పేరు వారిది. వీలైతే అమ్మానాన్నలతో ధల్‌భూమ్‌గఢ్ దగ్గరి ఆమాదుబి వెళ్లండి. అక్కడ పైత్‌కార్ కళాకారులు చుట్టల మీద కథలను బొమ్మలుగా వేస్తారు. మన చేర్యాల పటాలు చూసినవారికి అవి దూరపు చుట్టాల్లా అనిపిస్తాయి.

తరగతిలోనూ ఒక ప్రయత్నం చేద్దాం. తలా పది రూపాయలు వేసుకుని పెన్సిళ్లు, రంగులు, కాగితాలతో ఒక చిన్న దుకాణం పెడదాం. మనిషికి ఒక ఓటు. లెక్కల పుస్తకం ఎవరైనా తెరిచి చూడవచ్చు. ఎవరికైనా బదిలీ వస్తే వారి పది రూపాయలు వారికి ఇచ్చేద్దాం. కొత్తగా చేరినవారు పది రూపాయలు ఇచ్చిన రోజునుంచే ఆ దుకాణంలో సమాన హక్కుదారులు. ఎన్నాళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నారని వారిని ఎవరూ అడగనక్కర్లేదు.