ఇనుము పట్టించిన తప్పు

ప్రయోగశాల లేని ఊళ్లో ఉండి పదార్థ విజ్ఞానంలో పరిశోధన చేయవచ్చా? మహబూబాబాద్ జిల్లా బయ్యారం ఇనుప ఖనిజం గురించి, ఉక్కు కర్మాగారం గురించి చర్చ వచ్చినప్పుడల్లా ఈ ప్రశ్న కూడా వేసుకోవాలి. దీనికి ఆఫ్రికా ఇప్పటికే ఒక జవాబు చెప్పింది. 2010లో కేప్‌టౌన్‌లో మొదలైన ‘అసెస్మా’ శిక్షణ పాఠశాల ఆ తర్వాత కెన్యాలోని ఎల్డోరెట్, ఘనాలోని అక్రా, ఇథియోపియాలోని అడిస్ అబాబా వంటి చోట్ల జరిగింది. అమెరికా భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ మార్టిన్, దక్షిణాఫ్రికాకు చెందిన నితయ చెట్టి దాన్ని నిలబెట్టినవారిలో ముఖ్యులు. ఇటలీలోని ట్రియెస్టెలో అబ్దుస్ సలామ్ స్థాపించిన ఐసీటీపీ అనే సిద్ధాంత భౌతిక శాస్త్ర కేంద్రం అండగా నిలిచింది. బెంగళూరు శాస్త్రవేత్త శోభనా నరసింహన్ కూడా అక్కడ పాఠాలు చెప్పారు. వాళ్లు నేర్పేది పదార్థాల గుణాలను కంప్యూటర్‌లో లెక్కగట్టే విద్య. అందుకు కావలసిన క్వాంటమ్ ఎస్ప్రెసో వంటి సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. దొరకనిది ఒక్కటే: లెక్క ఇచ్చిన జవాబును ఎప్పుడు నమ్మకూడదో చెప్పే గురువు.

ఆ లెక్క ఎంత అద్భుతమైనదో ముందు చూడాలి. ఇనుప పరమాణువులో 26 ఎలక్ట్రాన్లు ఉంటాయి. ఒక్కోదాని స్థానానికి 3 సంఖ్యల చొప్పున 78 సంఖ్యలు కావాలి. ఒక్కో సంఖ్యకు పదేసి విలువలు తీసుకున్నా, ఎలక్ట్రాన్లన్నిటి స్థితినీ కలిపి చెప్పే పూర్తి తరంగ ప్రమేయాన్ని రాయడానికి 1 పక్కన 78 సున్నాలు పెట్టినంత పట్టిక అవసరం. ఏ కంప్యూటర్‌కూ అది సాధ్యం కాదు. సంతలో ప్రతి మనిషీ ఎవరిని చూసి ఎటు జరిగాడో రాసుకునే బదులు, ఏ మూల ఎంత రద్దీ ఉందో చూస్తే చాలదా? 1927లో థామస్, ఫెర్మీ విడివిడిగా ఈ దారే పట్టారు. ఎలక్ట్రాన్ల సాంద్రత ఒక్కటి తీసుకుంటే స్థానాన్ని చెప్పే 3 సంఖ్యలే చాలు కాబట్టి, పై పట్టిక 1000 విలువలకు దిగివస్తుంది. కానీ వాళ్ల సూత్రం ప్రకారం ఏ రెండు పరమాణువులూ కలిసి అణువుగా నిలవవని 1962లో టెల్లర్ తేల్చాడు. నీటి అణువు కూడా నిలవని సిద్ధాంతం ఎవరికి కావాలి? అంతటితో ఆ దారి మూసుకుపోయిందనిపించింది. రెండేళ్లకే, 1964లో, హోహెన్‌బర్గ్, వాల్టర్ కోన్ కలిసి దారి సరైనదేనని నిరూపించారు: కనిష్ఠ శక్తి స్థితిలో సాంద్రత తెలిస్తే చాలు, మిగతా గుణాలన్నీ అందులోనే ఇమిడి ఉంటాయి. 1965లో కోన్, షామ్ దాన్ని లెక్కకు లొంగే రూపంలోకి తెచ్చారు. కోన్‌కు 1998లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

అయితే ఆ సూత్రంలో ఒక చిన్న భాగం ఇప్పటికీ ఎవరికీ కచ్చితంగా తెలియదు. ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి తప్పించుకు తిరగడం వల్ల కలిగే శక్తి అది. దాన్ని ఉజ్జాయింపుగా వేసుకోక తప్పదు. మొదటి ఉజ్జాయింపు, ప్రతి బిందువు దగ్గరా సాంద్రత చుట్టూ సమంగా పరుచుకున్నట్టే భావించింది. చాలా పదార్థాలకు అది ఆశ్చర్యంగా బాగా పనిచేసింది. ఇనుము దగ్గర బోల్తా పడింది. 1985లో వాంగ్, క్లైన్, క్రకౌవర్ చేసిన లెక్కలో అయస్కాంత గుణం లేని ఇనుమే స్థిరమైనదని తేలింది! అయస్కాంతానికి అతుక్కునే మేకును చూసిన ఏ పిల్లవాడైనా కాదనే జవాబు అది. అయస్కాంతమైన మామూలు ఇనుముకూ, లెక్క ఎంచుకున్న ఆ ఇనుముకూ పరమాణువుల అమరిక వేరు; ఈ రెండు స్ఫటిక రూపాల మధ్య శక్తి తేడా చాలా స్వల్పం. సాంద్రత ఎగుడుదిగుళ్లను పట్టించుకోని ఉజ్జాయింపు ఆ స్వల్పాన్నే తారుమారు చేసింది. సాంద్రత ఎంత వేగంగా మారుతోందో కూడా కలిపే కొత్త ఉజ్జాయింపులు వచ్చాక ఇనుము మళ్లీ అయస్కాంతమైంది. 1996లో పెర్డ్యూ, బర్క్, ఎర్న్‌జెర్‌హోఫ్ ఇచ్చిన రూపం నేటికీ విరివిగా వాడుకలో ఉంది. అదీ సర్వరోగ నివారిణి కాదు. విద్యుత్తును అడ్డుకునే ఐరన్ మోనాక్సైడ్‌ను అది లోహమని చెబుతుంది.

ఇన్ని తప్పులు చేసే లెక్క కంటే ప్రయోగమే మేలు కదా అనవచ్చు. తుది తీర్పు ప్రయోగానిదే, సందేహం లేదు. కానీ ఇక్కడ తప్పులు గుడ్డిగా జరగవు. ఏ ఉజ్జాయింపు ఎక్కడ, ఎందుకు విఫలమైందో వెతికి చెప్పవచ్చు. ఆ వెతుకులాటే విజ్ఞానం. బటన్ నొక్కి పేపర్లు గుప్పించేవాళ్లు తయారవుతారన్న ఆక్షేపణ న్యాయమైనదే. ఆ జబ్బుకు మందు శిక్షణే తప్ప నిషేధం కాదు. సాధారణ ఇనుము స్ఫటికంలో మళ్లీమళ్లీ వచ్చే కనీస భాగంలో ఉండేది ఒక్క పరమాణువే కాబట్టి, 1985 నాటి తప్పును మామూలు ల్యాప్‌టాప్ మీద తిరిగి చేసి చూడవచ్చు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి డిగ్రీ కళాశాలల భౌతిక శాస్త్ర విద్యార్థులకు వరంగల్ ఎన్‌ఐటీ, కాకతీయ విశ్వవిద్యాలయం ఏటా సెలవుల్లో ఈ పాఠం పెట్టలేవా? దీనివల్ల కర్మాగారం వస్తుందా, చెల్పూరు విద్యుత్ కేంద్రానికి మంచి బాయిలర్ గొట్టాలు దొరుకుతాయా అని వెంటనే అడగడం మన అలవాటు. వస్తే మంచిదే. అంతకంటే ముందు, ఒకే ఇనుముకు రెండు ఉజ్జాయింపులు రెండు జవాబులు ఇచ్చినప్పుడు ఏది తప్పో, ఎందుకు తప్పో కారణంతో సహా చెప్పగల విద్యార్థి మన జిల్లాల్లో తయారుకావాలి. ఖనిజం మన నేలలో ఉంది. దాని గురించి ప్రశ్న వేయగల చదువు కూడా ఇక్కడే ఉండాలి.