వానకును కలహమునకును గల సంబంధము

వానలు లేనిచో పంటలు పండవు. పంటలు లేనిచో తిండి కరవగును. తిండి కరవైనచో జనులు ఒకరితోనొకరు కలహింతురు. ఈ వరుస వినుటకు సహజముగనే యుండును. భూమి వేడెక్కుచున్న ఈ కాలమున ఇట్టి మాట తరచుగ వినబడుచున్నది. ఇది పూర్తిగ నిజమైనచో వర్షమాపకమును చూచి యుద్ధములను ముందుగ చెప్పవచ్చును. కాని ఇది ఎంతవరకు నిజము? రాజకీయ భూగోళశాస్త్రజ్ఞులు ఇటీవలి దశాబ్దములలో ఈ ప్రశ్నను పటములతోను, లెక్కలతోను, ప్రజల అభిప్రాయములతోను పరిశీలించినారు. వారి పద్ధతిని తెలిసికొనుటకు చోడవరము నుండి బయలుదేరవచ్చును.

ఏ చోడవరము?

తెలుగునాట చోడవరమను పేరుగల ఊళ్లు ఒకటికంటె ఎక్కువ కలవు. ఒకటి శారదానది పరీవాహక ప్రాంతమున, చెరకుతోటల నడుమ నున్నది. ఇది 2022 వరకు విశాఖపట్నం జిల్లాలో నుండి, అటుపిమ్మట అనకాపల్లి జిల్లాలో చేరినది. వేరొకటి దీనికి పడమరగా, నూరు కిలోమీటర్లకు పైబడిన దూరమున, రంప కొండలలో నున్నది. దానిని నేడు రంపచోడవరమందురు. 1879 నాటి రంప పితూరీ వృత్తాంతములలో కనబడు చోడవరము ఈ కొండల చోడవరమే.

సంఘర్షణలను పరిశోధించువారికి మొదటి పని ప్రతి సంఘటనకును సరియైన చోటును, తేదీని నిర్ణయించుట. వారు పటమును అక్షాంశ రేఖాంశముల ననుసరించి గడులుగ విభజింతురు. ఒక్కొక్క డిగ్రీ కొలతగల గడి మన ప్రాంతమున ఉత్తర దక్షిణములుగ సుమారు 111, తూర్పు పడమరలుగ సుమారు 106 కిలోమీటర్లుండును. చెరకుతోటల చోడవరము 82, 83 డిగ్రీల రేఖాంశముల మధ్య గడిలోను, రంపచోడవరము 81, 82 డిగ్రీల మధ్య గడిలోను పడును. పేరును మాత్రమే చూచి పొరబడినచో ఒక గడిలోని కలహమును వేరొక గడిలోని వానతో పోల్చినట్లగును. లెక్క ఎంత చక్కగ చేసినను ఫలితము తప్పే.

కరవు ఒకచోట, పితూరీ వేరొకచోట

మన చరిత్రలోనే ఒక నిదర్శనము కలదు. 1876-78లో మద్రాసు రాజధానిలో ఘోరమైన క్షామము వచ్చినది. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు మిక్కిలి బాధపడినవి. అచ్చటచ్చట ధాన్యపు దోపిడులు జరిగినవి. కాని 1879లో సాయుధ తిరుగుబాటు చెలరేగినది ఆ మెట్ట జిల్లాలలో కాదు, గోదావరి మన్యమున. కల్లుపై విధించిన పన్ను, దానిని వసూలుచేయు కాంట్రాక్టర్ల ఒత్తిడి, రంప మున్సబుదారు దౌర్జన్యము దానికి ముఖ్య కారణములు. ఆ తిరుగుబాటు విశాఖపట్నం జిల్లాలోని గొలుగొండ కొండలకును వ్యాపించినది.

అట్లని ప్రకృతికి ప్రమేయము లేదనరాదు. కొండవారి పోడు వర్షముపై ఆధారపడిన సేద్యము. వానలకు ముందు చెట్లు నరికి, కాల్చి, ఆ బూడిదలో విత్తనములు చల్లుదురు. భూసారము తగ్గినచో వేరొక చోటికి పోవుదురు. కాలము కలసిరానపుడు అడవియే వారికి ఆధారము. 1882 నాటి మద్రాసు అటవీ చట్టము, దానిననుసరించిన నిబంధనలు ఈ దారిని ఇరుకు చేసినవి. దీనికి రోడ్ల పనులలో చాలీచాలని కూలి, అధికారుల వేధింపు తోడైనవి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు నాయకత్వమున చింతపల్లి పోలీసు ఠాణాపై దాడి జరుగునాటికి ఆ అసంతృప్తి ముదిరియుండెను. వాన తగ్గుట ఒక కష్టము. ఆ కష్టమును దాటు దారిని మూసివేయుట వేరొక కష్టము. పరిశోధకుడు ఈ రెంటిని వేరుచేసి చూడవలెను.

తూర్పు ఆఫ్రికాలో జరిగిన పరిశోధన

అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయమునకు చెందిన రాజకీయ భూగోళశాస్త్రజ్ఞుడు జాన్ ఓలాక్లిన్, ఆయన సహచరులు 2012లో ఇట్టి పరిశోధన నొకదానిని ప్రకటించినారు. 1990 నుండి 2009 వరకు తూర్పు ఆఫ్రికాలోని తొమ్మిది దేశములలో జరిగిన పదహారువేలకు పైబడిన హింసాత్మక సంఘటనలను వారు గడులవారీగ, నెలలవారీగ గుర్తించి వర్షపాతముతోను, ఉష్ణోగ్రతతోను పోల్చిరి. మామూలుకంటె వాన ఎక్కువైనపుడు హింసకు గల అవకాశము సుమారు నూటికి 30 వంతులు తగ్గినది. మామూలుకంటె వేడి ఎక్కువైనపుడు అది సుమారు 30 వంతులు పెరిగినది. వాన తక్కువైనపుడు మాత్రము స్పష్టమైన మార్పు కనబడలేదు. కరవే కలహమునకు మూలమను మాటకు ఇది అనుకూలముగ లేదు.

ఇచ్చట విద్యార్థులు ఒక సంగతి గమనింపవలెను. నూటికి 30 వంతులు పెరుగుట యనగా 10 సంఘటనలు జరుగుచోట 13 జరుగుట. 40 జరుగుట కాదు. జనసంఖ్య, రాజకీయ స్థితి, ఆర్థిక స్థితి, భౌగోళిక స్థితి మొదలగు కారణములతో పోల్చినచో శీతోష్ణస్థితి ప్రభావము స్వల్పమని ఆ పరిశోధకులే చెప్పిరి. 2019లో పలు శాస్త్రములకు చెందిన నిపుణులు కలసి, గడచిన శతాబ్దములో సాయుధ సంఘర్షణల ప్రమాదములో శీతోష్ణస్థితి ప్రమేయము నూటికి 3 నుండి 20 వరకు ఉండవచ్చునని అంచనా వేసిరి. భూమి ఇంకను వేడెక్కినచో ఈ ప్రమేయము పెరుగునని కూడ హెచ్చరించిరి.

మనసులోని మాటను తెలిసికొనుట

జరిగిన కొట్లాటలను లెక్కించిన చాలదు. జనులు హింసను ఎంతవరకు సమర్థింతురో కూడ తెలియవలెను. “నీటికొరకు కొట్లాట న్యాయమేనా?” యని సూటిగ అడిగినచో నిజము చెప్పువారు తక్కువ. ఇందులకు ఒక ఉపాయము కలదు. ప్రజలను చీట్లు వేసి రెండు జట్లుగ విభజింతురు. మొదటి జట్టునకు అప్పు చేయుట, పశువులనమ్ముట, వలసపోవుట అను మూడు మాటలు చెప్పి, వీటిలో ఎన్నిటిని అంగీకరింతురో ఆ సంఖ్యను మాత్రమే అడుగుదురు. రెండవ జట్టునకు నాలుగవదిగ కొట్లాటను చేర్చి చెప్పుదురు. మొదటి జట్టు సగటు 1.5, రెండవ జట్టు సగటు 1.7 వచ్చినదనుకొందము. భేదము 0.2, అనగా నూటికి 20 మంది కొట్లాటను సమర్థించుచున్నారు. ఎవరు సమర్థించిరో ఎవరికిని తెలియదు. అందుచే భయపడనక్కరలేదు.

ఓలాక్లిన్, ఆయన సహచరులు కెన్యా పల్లెలలో ప్రజల అభిప్రాయములను సేకరించి 2015లో ప్రకటించిరి. వానలు తగ్గినచోట్ల హింసకు సమర్థన అంతటను ఒకే తీరుగ లేదు. వేర్వేరు తెగలవారు కూర్చుండి మాటలాడుకొను సభలున్నచోట ఆ సమర్థన తగ్గినది.

మన దేశమునకు సంబంధించి ఆర్థికశాస్త్రజ్ఞుడు థీమో ఫెట్జర్ 2020లో ప్రకటించిన పరిశోధన కూడ ఈ దారినే సూచించుచున్నది. వానలు తగ్గిన పిమ్మట సంఘర్షణలు పెరుగుట పూర్వము కనబడెడిది. 2005 చట్టముచే ఏర్పడిన గ్రామీణ ఉపాధి హామీ పథకము వచ్చిన తరువాత ఆ సంబంధము చాలవరకు తెగినదని ఆయన కనుగొనెను. పంట పోయినను కూలి దొరకినచో కుటుంబము నిలుచును.

తిరిగి చోడవరమునకు

శారదానదిపై దేవరాపల్లి వద్ద రైవాడ జలాశయము కలదు. దాని నీరు దేవరాపల్లి, కె.కోటపాడు, చోడవరము ప్రాంతముల పొలములకును, కాలువ ద్వారా విశాఖపట్నం నగరమునకును పోవునట్లు ఏర్పాటు జరిగినది. నగరమునకిచ్చు నీటిని పొలములకే ఇయ్యవలెనని రైతులు పలుమార్లు కోరినారు. నీరు చాలని ఏడు ఇరుపక్షములకును కష్టమే. అయినను ఈ వివాదము అర్జీలు, ధర్నాలు, సభలలో చర్చల రూపముననే నడచినది. చెప్పుకొనుటకు చోటున్నంతకాలము తగవు మాటలతో సాగును. మన్యమువారికి 1922లో అట్టి చోటు లేకపోయెను.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక పట్టిక గీయింపవచ్చును. మొదటి వరుసలో మండలములో ప్రతి సంవత్సరము కురిసిన వాన. రెండవ వరుసలో ఊరి పెద్దలు జ్ఞాపకముంచుకొన్న నీటి తగవులు. మూడవ వరుసలో ఆ తగవు ఎవరివలన, ఎట్లు తీరినది. మొదటి రెండు వరుసలు అన్నివేళల కలసి నడువకపోవచ్చును. అట్టి సంవత్సరములందు మూడవ వరుసను శ్రద్ధగ చదువవలెను.