పెద్ద తెర కన్నా మంచి కప్లర్ మేలు

కారు ఇంజను పదిహేనేళ్లయినా చెక్కుచెదరదు. దాంతోపాటు కంపెనీ ఇచ్చిన మ్యూజిక్ సిస్టమ్‌కు మాత్రం అంతకు చాలా ముందే కాలం చెల్లుతుంది. ఫోనులోని మ్యాపునూ పాటలనూ కారు తెర మీదకు తెచ్చే యాపిల్ కార్‌ప్లే 2014లో, ఆండ్రాయిడ్ ఆటో 2015లో వచ్చాయి. అంతకు ముందు తయారైన సెట్లకు ఆ రెండూ తెలియవు. చెన్నై రాయపురంలో అలాంటి కారున్నవారు కొత్త సెట్టు కోసం కార్ యాక్సెసరీల దుకాణాలుండే జనరల్ ప్యాటర్స్ రోడ్డుకు వెళితే, బేరమంతా తెర ఎన్ని అంగుళాలన్న దాని మీదే నడుస్తుంది. అసలు మంచిచెడ్డలు తేలేది తెర వెనకున్న వైర్ల దగ్గర.

మొదట డాష్‌బోర్డులో సెట్టు కూర్చునే గూడు కొలత చూసుకోవాలి. 180 మి.మీ. వెడల్పు, 50 మి.మీ. ఎత్తు ఉంటే సింగిల్ డిన్. ఎత్తు 100 మి.మీ. అయితే డబుల్ డిన్. 9, 10 అంగుళాల తెరలు ఈ గూళ్లలో పట్టవు. వాటికి మీ కారు మోడల్‌కు సరిపోయే ఫ్రేమ్ కావాలి. ఫ్రేమ్ వదులైతే ప్రతి గతుకులోనూ కిటకిటలాడుతుంది.

ఇక వైర్లు. కొత్త సెట్టులో సాధారణంగా పసుపు వైరుకు బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు అందాలి. ఎరుపుకు తాళం తిప్పినప్పుడే రావాలి. నలుపు ఎర్త్. పసుపు, ఎరుపు తారుమారైతే కారు ఆపినప్పుడల్లా సెట్టు తన సెట్టింగులు మరిచిపోతుంది. రెండింటినీ కలిపి నేరుగా బ్యాటరీకి ఇచ్చేస్తే, తాళం తీసినా సెట్టు కరెంటు తాగుతూనే ఉండి బ్యాటరీ దిగిపోతుంది. స్పీకరు నెగెటివ్ వైరును కారు బాడీకి తగిలిస్తే లోపలి యాంప్లిఫయర్ కాలిపోవచ్చు.

ఇక్కడే ఒక చిక్కుంది. ఈ రంగులు కొత్త సెట్టువి. కారులోని వైర్ల రంగులు ఒక్కో కంపెనీవి ఒక్కో తీరు. రంగు చూసి రంగుకు కలిపితే అనర్థమే. అందుకే పని మొదలు కాకముందే ‘కప్లర్ టు కప్లర్’ ఫిట్టింగ్ కావాలని గట్టిగా చెప్పండి. కప్లర్ అంటే కారు వైర్ల సాకెట్టుకు నేరుగా గుచ్చే ప్లగ్గు. మీ మోడల్‌కు తగినది కొంటే ఒక్క వైరూ కోయక్కర్లేదు. కారు అమ్మేటప్పుడు పాత సెట్టును మళ్లీ తగిలించుకోవచ్చు. వైర్లు కోస్తే వారంటీ విషయంలో కంపెనీతో పేచీ తప్పకపోవచ్చు.

రాయపురంలో దీనికి ఇంకో కారణం కూడా ఉంది. పక్కనే సముద్రం, కాశిమేడు చేపల రేవు. మెలితిప్పి టేపు చుట్టిన రాగి తీగల్లోకి ఉప్పుగాలి, తేమ దూరి చిలుము పట్టిస్తాయి. అతుకు వేడెక్కుతుంది, పాట ఆగి ఆగి వస్తుంది. ఎర్త్ సరిగా లేకపోతే ఇంజను వేగంతోపాటు పెరిగే సన్నటి ఈల స్పీకర్లలో వినిపిస్తుంది. చెన్నై ఎండకు టేపు జిగురు కారిపోతుంది. వైరు కలపక తప్పకపోతే సోల్డరింగ్ గానీ క్రింపింగ్ గానీ చేయించి, పైన హీట్ ష్రింక్ గొట్టం తొడిగించండి.

కొత్త సెట్టు డబ్బా మీద ‘50 వాట్స్ × 4’ అని చూసి మురిసిపోవద్దు. ఇంజను నడుస్తున్నప్పుడు కారులో ఉండే వోల్టేజి 14 చిల్లర. దాంతో 4 ఓముల స్పీకరుకు సెట్టు శుభ్రంగా ఇవ్వగలిగేది 20 వాట్ల చుట్టుపక్కలే.

స్టీరింగ్ మీది బటన్లు, రివర్స్ కెమెరా పనిచేయాలంటే చాలా కొత్త కార్లలో, కారు కంప్యూటరు సంకేతాలను సెట్టుకు అందించే కెన్‌బస్ డబ్బా అవసరం. దాని ధర ముందే అడగండి. సెట్టు హ్యాండ్‌బ్రేక్ వైరును ఎర్త్‌కు కలిపేసి, బండి నడుస్తుండగా వీడియో వచ్చేలా చేస్తామంటే ఒప్పుకోకండి. దారి చూపే మ్యాపు తప్ప వీడియో ఆడించకూడదని 2017 నాటి డ్రైవింగ్ నిబంధనలు చెబుతున్నాయి.

తెర ఒక అంగుళం తగ్గినా నష్టం లేదు. ఆ మిగిలిన డబ్బు కప్లర్‌కు, ఫ్రేమ్‌కు పెట్టండి. నాలుగు స్పీకర్లు, రేడియో, స్టీరింగ్ బటన్లు, రివర్స్ కెమెరా అన్నీ దుకాణం ముందే పరీక్షించి, ఆ తర్వాతే డబ్బు చెల్లించండి.