లోయ అంచుకు ముప్పావు మైలు: ఎండలో నడిచే ముందు

వేసవి వచ్చిందంటే మా ఓ.పి.లో ఒక ప్రశ్న తరచుగా వినిపిస్తుంది. "డాక్టరుగారూ, పిల్లలు అమెరికా రమ్మంటున్నారు. షుగరూ, బి.పి. ఉన్నాయి కదా, వెళ్ళొచ్చా?" వెళ్ళవచ్చు అనే చెబుతాము. మందులు, ఇన్సూరెన్సు, విమానంలో కాళ్ళు కదిలించడం గురించి కూడా చెబుతాము. కాని అక్కడికి వెళ్ళాక పిల్లలు చూపించే చోట్ల గురించి మేము అంతగా ఆలోచించలేదు. ఒక పాత పేషెంటు అనుభవం విన్నాక ఆ లోటు మాకు తెలిసింది.

ఆమె రిటైరయిన టీచరు. అరవై దాటాయి. షుగరు, బి.పి. రెండూ ఉన్నాయి, నీరు తీసే మాత్ర కూడా వాడుతున్నారు. జూన్ నెలలో ఫీనిక్స్‌లో ఉన్న కొడుకు దగ్గరకు వెళ్ళారు. కొడుకు రెండు రోజులు సెలవు పెట్టి, సుమారు 280 మైళ్ళు కారు నడిపి, ఆరిజోనా ఉత్తరపు కొసన ఉన్న పేజ్ అనే ఊరికి తీసుకువెళ్ళాడు. అక్కడ హార్స్‌షూ బెండ్ అనే చోటు ఉంది. కొలరాడో నది గుర్రపు లాడంలా వంపు తిరిగి, సుమారు వెయ్యి అడుగుల లోతున పారుతుంది. పైనుంచి చూస్తే ఎర్రరాయి మధ్య ఆకుపచ్చని నీరు కనిపిస్తుంది. మన గండికోటలో పెన్న లోయను చూసినవారు ఆ దృశ్యాన్ని కొంత ఊహించుకోవచ్చు; ఇది దానికంటే ఎంతో లోతు.

కారు ఆపిన చోటునుంచి లోయ అంచుకు ముప్పావు మైలు. రాను పోను ఒకటిన్నర మైలు, అంటే మన లెక్కలో రెండున్నర కిలోమీటర్ల లోపే. "ఇంతేనా, మా బడికి నేను రోజూ ఇంత నడిచేదాన్ని" అని ఆమె బయలుదేరారు. అప్పటికి పదకొండు దాటింది. నలుగురికీ కలిపి ఒకటే నీళ్ళ సీసా. వెళ్ళేటప్పుడు దారి కిందికి వాలుగా ఉండడం వల్ల సులువుగానే నడిచారు. తిరుగు దారి ఎక్కుడు. సగం దూరంలో కాళ్ళు వణికాయి, తల దిమ్ముగా అయింది. ఆమె ఎవరికీ చెప్పలేదు. కోడలు ఏదో అడిగితే సంబంధం లేని జవాబు ఇచ్చారట. ఆ పిల్లకు అనుమానం వచ్చి వెంటనే కూర్చోబెట్టింది. చున్నీ తడిపి మెడకు చుట్టి, అత్తగారికి తన నీడ పడేలా నిలబడింది. కొడుకు 911 కు ఫోను చేశాడు. ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించి సాయంత్రానికి పంపించారు.

"ముందే ఎందుకు చెప్పలేదమ్మా?" అని మేము అడిగాము. "పిల్లలు సెలవు పెట్టుకుని అంత దూరం తీసుకొస్తే, నావల్ల కాదని ఎలా అంటాను సిస్టర్?" అన్నారు. ఈ మాట చాలామంది తల్లిదండ్రులది. ఈ వేసవి ఆమె మళ్ళీ వెళుతున్నారు. ఈసారి ఆ లోయను నిదానంగా చూడాలని ఆమె కోరిక. ఆమెకు మేము రాసిచ్చిన సంగతులే ఇక్కడ అందరికోసం ఇస్తున్నాము.

మన ఎండ వేరు, ఆ ఎండ వేరు

"రెంటచింతల ఎండ చూసినవాళ్ళం, మాకేమవుతుంది?" అని కొందరు అంటారు. పేజ్‌లో జూలై మధ్యాహ్నాలు 38 డిగ్రీల సెల్సియస్ దగ్గరకు వెళ్ళడం మామూలే. అంకె చూస్తే మనకు కొత్తగా ఉండదు. తేడా గాలిలో ఉంది. అది ఎడారి గాలి, బాగా పొడిగా ఉంటుంది. చెమట పట్టగానే ఆరిపోతుంది. బట్టలు తడవవు కనుక చెమట పట్టలేదనే అనుకుంటాము. ఒంట్లో నీరు మాత్రం తరిగిపోతూనే ఉంటుంది. పైగా ఆ దారిలో చెట్ల నీడ ఉండదు. ఇసుక, రాయి కూడా వేడిని తిరిగి మన మీదకే కొడతాయి.

ఇంకొక సంగతి. శరీరం ఎండకు అలవాటు పడడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. అమెరికాలో ఇంట్లోనూ, కారులోనూ, దుకాణంలోనూ ఏ.సి.లోనే ఉంటాము కనుక మన ఊరి అలవాటు కొద్ది రోజుల్లోనే తగ్గిపోతుంది. విమానం దిగిన రెండు మూడు రోజులకే ఇలాంటి నడకలు పెట్టుకోవద్దు.

ఇక్కడే చేసుకోవలసిన పనులు

ప్రయాణానికి కనీసం మూడు వారాల ముందునుంచి రోజూ ఉదయం అరగంట నడవండి. మీ వీధిలో రెండున్నర కిలోమీటర్లు, మధ్యలో ఒకసారి కూర్చుని, ఆయాసం లేకుండా నడవగలుగుతున్నారా చూసుకోండి. ఛాతీలో బరువు, దవడ లేక ఎడమచేయి లాగడం కనిపిస్తే ముందు డాక్టరును కలవండి.

మీ మందుల చీటీ తీసుకుని ఓ.పి.కి రండి. నీరు తీసే మాత్రలు, మూత్రం ద్వారా చక్కెరను పంపే డాపాగ్లిఫ్లోజిన్ వంటి షుగరు మాత్రలు ఒంట్లో నీటిని తగ్గిస్తాయి. అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటివి వేసుకునేవారిలో వేడికి తగినట్టుగా గుండె వేగం పెరగదు. జలుబుకు, దురదకు వేసుకునే కొన్ని మాత్రలు చెమటను తగ్గిస్తాయి. ఏ మాత్రనూ సొంతంగా మానవద్దు. నడక రోజున ఏది ఎప్పుడు వేసుకోవాలో డాక్టరే చెబుతారు. గుండె బలహీనత, కిడ్నీ జబ్బు ఉండి నీళ్ళు కొలిచి తాగేవారు ఎంత తాగవచ్చో ప్రత్యేకంగా అడిగి రాయించుకోండి.

చీటీలో కంపెనీ పేరు కాక మందు అసలు పేరు రాయించుకోండి. అక్కడి డాక్టర్లకు మన కంపెనీ పేర్లు తెలియవు. ఇన్సూరెన్సు తీసుకునేటప్పుడు షుగరు, బి.పి. ఉన్నాయని దాచవద్దు.

నడక రోజున

1. వేళ: తెల్లవారగానే బయలుదేరండి. ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు వరకు ఎడారి నడక పెద్దవారికి మంచిది కాదు. ముందు రాత్రే ఆ ఊళ్ళో బస చేస్తే ఇది సులువవుతుంది. పార్కింగ్‌ను పేజ్ పట్టణం వారు చూసుకుంటారు కనుక పిల్లల దగ్గరున్న జాతీయ పార్కుల పాసు అక్కడ చెల్లదు.

2. నీళ్ళు: మనిషికి ఒక లీటరు, ఎవరి సీసా వారిది. దాహం వేసేవరకు ఆగకుండా పావుగంట, ఇరవై నిమిషాలకొకసారి చిన్న గ్లాసెడు తాగండి. గంటలో ఒకటిన్నర లీటరు మించవద్దు. ఉత్త నీళ్ళే అతిగా తాగితే ఒంట్లో ఉప్పు పలచబడి అదీ ప్రమాదమే. వెంట కొంచెం ఉప్పు కారప్పూస గాని, బిస్కెట్లు గాని ఉంచుకోండి. ఓ.ఆర్.ఎస్. పాకెట్లు ఇక్కడినుంచే తీసుకెళ్ళండి. బాత్‌రూము దొరకదేమోనని మన ఆడవాళ్ళు చాలామంది నీళ్ళు తాగడం మానేస్తారు. దయచేసి అలా చేయవద్దు. నడక మొదలుపెట్టే చోట మరుగుదొడ్లు ఉన్నాయి.

3. బట్టలు: వదులైన, లేతరంగు నూలు బట్టలు, చేతులు కప్పే జాకెట్టు లేక చొక్కా, వెడల్పు అంచు టోపీ. చీర కుచ్చిళ్ళు ఇసుకలో కాళ్ళకు అడ్డుపడతాయి కనుక ఆ పూటకు పంజాబీ డ్రెస్సు మేలు. గొడుగు మంచిదే, కాని అంచు దగ్గర గాలి విసురుగా ఉంటే మూసేయండి.

4. పాదాలు: చెప్పులు వద్దు. మేజోళ్ళు, మూసిన బూట్లు వేసుకోండి. షుగరు వల్ల అరికాళ్ళ స్పర్శ తగ్గినవారికి బూటులోని ఇసుక రవ్వ కూడా పుండు చేస్తుంది. సాయంత్రం పాదాలను వెలుగులో చూసుకోండి.

5. షుగరు ఉన్నవారు: ఇన్సులిన్‌ను గాని, పరీక్ష చేసుకునే స్ట్రిప్‌లను గాని ఆపిన కారులో వదలవద్దు. చల్లదనం నిలిపే సంచిలో వెంట ఉంచుకోండి, ఐసుకు తగలనివ్వవద్దు. షుగరు పడిపోయినా, ఎండ తగిలినా చెమట, వణుకు, తల తిరుగుడు ఒకేలా ఉంటాయి. వెంటనే పరీక్షించుకోండి. మీటరు లేకపోతే షుగరు పడిపోయిందనే అనుకుని గ్లూకోజు గాని, నాలుగు చెంచాల చక్కెర గాని తీసుకోండి.

6. అంచు దగ్గర: అక్కడ కటకటాలు కొంతమేరకే ఉన్నాయి. మిగతా అంచుకు అడ్డం లేదు. కటకటాల దగ్గరే నిలబడి చూడండి. ఫోటోకోసం వెనక్కి అడుగు వేయవద్దు. మనవళ్ళ చేయి వదలవద్దు.

7. ఉరుములు: జూన్ మధ్యనుంచి సెప్టెంబరు చివరివరకు అక్కడ వానల కాలం. మధ్యాహ్నాలు హఠాత్తుగా పిడుగులు పడవచ్చు. ఉరుము వినిపిస్తే కారు దగ్గరకు తిరిగి వెళ్ళడమే.

ఈ గుర్తులు కనిపిస్తే

తలనొప్పి, వికారం, కండరాలు పట్టేయడం, విపరీతమైన నీరసం వస్తే నడక అక్కడితో ఆపాలి. నీడలో కూర్చోబెట్టి, బట్టలు వదులు చేసి, ఒళ్ళు తడిపి, కొద్దికొద్దిగా నీళ్ళు పట్టించాలి.

మాట తడబడడం, అసంబద్ధంగా మాట్లాడడం, స్పృహ తప్పడం వడదెబ్బ గుర్తులు. అప్పుడు ఒంటి వేడి 104 డిగ్రీల ఫారన్‌హీట్ దాటి ఉండవచ్చు. చెమట పడుతోంది కదా అని ధైర్యపడవద్దు. వెంటనే 911 కు ఫోను చేసి, సాయం వచ్చేలోగా ఒంటినిండా నీళ్ళు పోసి విసరండి. మెడ, చంకలు, గజ్జల్లో ఐసు పెట్టండి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్ళు పోయవద్దు. జ్వరం బిళ్ళ దీనికి పనిచేయదు.

చివరిగా ఒక మాట

కారు దిగకముందే ఇంట్లో అందరూ ఒక ఒప్పందం చేసుకోండి. ఎవరు "ఇక చాలు" అన్నా అందరూ వెనక్కి తిరగాలి. ఎందుకని అడగకూడదు, తర్వాత ఎత్తిపొడవకూడదు. పిల్లలారా, మీ అమ్మానాన్నలు తమంతట తాము చెప్పకపోవచ్చు. పది నిమిషాలకొకసారి ఆపి, ఏదైనా అడిగి, జవాబు సరిగా వస్తోందా గమనించండి. ఆ కోడలు చేసింది అదే.

నిరుడు వచ్చినప్పుడు ఆ టీచరుగారు, "లోయ చూశాను గాని ఏం చూశానో గుర్తులేదు" అన్నారు. ఈసారి వారు తెల్లవారుజామునే వెళతారు, సొంత నీళ్ళ సీసాతో. తిరిగి వచ్చాక ఆ నది ఎలా ఉందో మాకు చెబుతానని మాట ఇచ్చారు. మీరూ క్షేమంగా వెళ్ళి, చూసి, క్షేమంగా రండి.