పెరుగునందలి సూక్ష్మజీవులు – ఎలర్జీ వ్యాధులు

పెరుగన్నము లేనిదే మన భోజనము ముగియదు. కాచి చల్లార్చిన గోరువెచ్చని పాలలో చెంచాడు తోడు వేసి రాత్రి ఉంచినచో తెల్లవారునప్పటికి పెరుగగుచున్నది. ఈ పని చేయునవి కంటికి కానరాని సూక్ష్మజీవులు. ఇవి పాలయందలి చక్కెరను లాక్టికామ్లముగా మార్చును. ఆ పులుపు వలననే పాలు తోడుకొనును.

1905లో బల్గేరియా దేశీయుడగు స్టామెన్ గ్రిగొరోవ్ తమ దేశపు పెరుగునందు ఇట్టి సూక్ష్మజీవినొకదానిని గుర్తించెను. పారిస్ నగరమందలి పాశ్చరు సంస్థలో పనిచేసిన ఇల్యా మెచ్నికోవ్ ఇవి ఆరోగ్యమునకు మేలు చేయునని ప్రచారము గావించెను. తగిన మోతాదులో సజీవముగా లోనికి చేరి మేలు చేయు సూక్ష్మజీవులను నేడు ప్రోబయోటిక్కులని పిలుచుచున్నారు.

ఎలర్జీ యననేమి?

గ్రామమునకు కావలివాడున్నట్లే శరీరమునకును రోగములనుండి కాపాడు రక్షణ వ్యవస్థ కలదు. కావలివాడు దొంగను పట్టుటకు బదులు ఇంటికి వచ్చిన చుట్టముపై కర్ర ఎత్తినచో ఎట్లుండును? ఎలర్జీయు అట్టిదే. పుప్పొడి, దుమ్ము, గ్రుడ్డు, పాలు వంటి హాని చేయని వస్తువులనే శత్రువులుగా భ్రమించి శరీరము పోరాడును. అందువలన తుమ్ములు, దద్దురులు, గజ్జి వంటి ఎగ్జిమా, ఉబ్బసము కలుగుచున్నవి.

రక్షణ కణములు పెక్కు ప్రేవుల చెంత నుండును. శైశవమున అచట చేరు సూక్ష్మజీవులు, ఎవరు శత్రువో ఎవరు కారో ఆ కణములు నేర్చుకొనుటకు తోడ్పడును. ఈ కారణముననే ప్రోబయోటిక్కులతో ఎలర్జీని నివారింపవచ్చునా యని శాస్త్రజ్ఞులు పరిశోధించిరి.

పరిశోధనలు తెలిపినదేమి?

ఫిన్లండు దేశమున, ఎలర్జీగల కుటుంబములలోని గర్భిణులకును, పిదప శిశువులకు ఆరు మాసములును, లాక్టోబాసిల్లస్ జిజి అను సూక్ష్మజీవిని ఇచ్చిరి. 2001లో ప్రకటితమైన ఫలితముల ప్రకారము, రెండేండ్ల వయస్సున ఎగ్జిమా వచ్చిన పిల్లలు ఇట్లు ఇచ్చినవారిలో నూటికి 23 మంది, ఇయ్యనివారిలో 46 మంది. అయితే జర్మనీలో అదే సూక్ష్మజీవితో జరిపి 2008లో ప్రకటించిన పరిశోధనలో అట్టి భేదము కానరాలేదు. 2015లో ప్రపంచ ఎలర్జీ సంస్థ, ఎలర్జీ భయము అధికముగాగల కుటుంబములలో ఎగ్జిమా నివారణకై ప్రోబయోటిక్కులు వాడవచ్చునని సూచించుచునే, ఆధారములు మిక్కిలి బలహీనమని స్పష్టపరచెను. ఇవి ఉబ్బసమును నివారించునని గాని నయము చేయునని గాని రుజువు కాలేదు.

పంచాయతీ సభ్యులు తెలుపవలసిన సంగతులు

పెరుగు మంచి ఆహారము, ఔషధము కాదు. పరిశోధనలలో వాడినది ఎంచి పెంచిన సూక్ష్మజీవి. మన ఇంటి తోడులో నుండునవి ఇంటింటికి వేరు. మజ్జిగపులుసువలె కాచినచో అవియు చచ్చును.

పాలు పడని ఎలర్జీగల బిడ్డకు పెరుగు కూడ ప్రమాదకరమే. ఆరు మాసముల వరకు శిశువునకు తల్లిపాలు మాత్రమే ఇయ్యవలెను. తోడు వేయుటకు ముందు పాలు తప్పక కాచవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనదొకటి కలదు. ఎవరో ఒక పొడి అమ్మి, దీనితో ఉబ్బసము పోవునని చెప్పగా వైద్యుడిచ్చిన పీల్చు మందును మానివేసినచో బిడ్డ ప్రాణమునకే ముప్పు వాటిల్లవచ్చును. అట్టి మాటలు మీ గ్రామమున వినవచ్చినప్పుడు ఆ తల్లిదండ్రులను వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపుడు. పెరుగును భోజనమందును, మందును వైద్యుని సలహా ప్రకారమును వాడుకొనుటయే మనకు క్షేమము.