యుద్ధం లెక్క ఎవరు చెప్పాలి?

అమీర్‌పేట మెట్రో స్టేషన్ దిగితే ఒక పక్క బేగంపేట పాత విమానాశ్రయం, ఇంకో పక్క పంజగుట్ట నిమ్స్, సోమాజిగూడ వైపు మళ్లితే రాజ్‌భవన్ రోడ్డు. ట్రాఫిక్ కరుణిస్తే ఒక పూటలో మూడూ చుట్టి రావచ్చు. 1948లో హైదరాబాద్ రాజ్యాన్ని యుద్ధంలోకి దింపిన వాళ్ల జాడలు ఈ చుట్టుపక్కలే ఉన్నాయి. ఆ రోడ్డులోని గవర్నర్ నివాసం అప్పట్లో షా మంజిల్, రాజ్య ప్రధానమంత్రి నివాసం. ఆఖరి ప్రధాని మీర్ లాయక్ అలీ ఓటమి తర్వాత గృహనిర్బంధంలో ఉన్నది బేగంపేటలో, కళ్లుగప్పి పారిపోయింది కూడా అక్కడి నుంచే. ఏడో నిజాం సర్దార్ పటేల్‌కి చేతులు జోడించిన ప్రసిద్ధమైన ఫొటో 1949 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో తీసిందే. ఆ నిజాం పేరు మీద పెద్దాసుపత్రి పంజగుట్టలో ఉంది.

ఆ యుద్ధం ముగిసిన సెప్టెంబర్ 17 ఏటా రాగానే ఒక పార్టీ విమోచన అంటుంది, ఒకటి సమైక్యత అంటుంది, ఇంకొకటి ప్రజాపాలన అంటుంది. జెండాలు ఎగురుతాయి, ఉపన్యాసాలు అయిపోతాయి. గెలవలేమని తెలిసీ కోటిన్నరకు పైగా జనమున్న రాజ్యాన్ని యుద్ధంలోకి లాగిన వాళ్లను ఏ కోర్టు నిలదీసింది, ఏం శిక్ష వేసింది అన్న ప్రశ్న మాత్రం ఏ వేదిక మీదా వినబడదు. జవాబు అందరికీ ఇబ్బందికరం కాబట్టి కావచ్చు. ఆ నేరం కింద ఎవరికీ శిక్ష పడలేదు. ఒకాయన దోపిడీ కేసులో జైలుకెళ్లాడు. ఒకాయన దేశం దాటాడు. అందరికన్నా పైనున్న ఆయనకు పదవి ఇచ్చారు.

సంతకం పడని అక్టోబరు

యుద్ధం ఫలానా రోజు మొదలైందని పాఠ్యపుస్తకం చెబుతుంది. బాధ్యత ఎవరిదో తేల్చాలంటే దానికన్నా ముందు రోజులు చూడాలి. హైదరాబాద్ విషయంలో ఆ రోజులు 1947 అక్టోబరు చివరి వారంలో ఉన్నాయి.

భారత్‌తో యథాతథ ఒప్పందం ముసాయిదా సిద్ధమైంది. నిజాం మంత్రిమండలి ఆరుగురు అవునని, ముగ్గురు కాదని ఓటేయగా దాన్ని ఆమోదించింది. నిజాం కూడా సరేనన్నాడు, కానీ సంతకం ఒక రోజు వాయిదా వేశాడు. ప్రధాని ఛత్తారీ నవాబు, న్యాయ సలహాదారు సర్ వాల్టర్ మాంక్టన్, సుల్తాన్ అహ్మద్ ఢిల్లీకి బయల్దేరాల్సిన తెల్లవారుజామున ఇత్తెహాదుల్ ముస్లిమీన్ పార్టీ పిలుపుతో వేల మంది వచ్చి వాళ్ల ఇళ్లను చుట్టుముట్టారు. ప్రతినిధులు గడప దాటలేకపోయారు. పోలీసులు చూస్తూ ఊరుకున్నారు.

ఆ తర్వాత లాతూరు వకీలు, ఇత్తెహాద్ అధ్యక్షుడు కాశిం రజ్వీని నిజాం పిలిపించి మాట్లాడాడు. భారత్ చేతులు ఇప్పుడు ఖాళీగా లేవు, గట్టిగా నిలబడితే ఇంకా మంచి షరతులు దొరుకుతాయని రజ్వీ వాదన. నిజాం ఆ మాట విన్నాడు. పాత ప్రతినిధి బృందం పోయి కొత్త బృందం వచ్చింది. చివరికి నవంబర్ 29న సంతకమైంది దాదాపు ఆ పాత ఒప్పందం మీదే. ఈ నెల రోజుల్లో మారిందల్లా ఒక్కటి. రోడ్డు మీద గుంపును దింపితే రాజు మాట మారుతుందని రజ్వీకి తెలిసిపోయింది.

ఛత్తారీ వెళ్లిపోయాడు. ప్రధాని కుర్చీలోకి లాయక్ అలీ వచ్చాడు. ఇంజినీరు, పారిశ్రామికవేత్త, అంతకు కొన్ని వారాల ముందే ఐక్యరాజ్యసమితిలో పాకిస్తాన్ ప్రతినిధి బృందంలో కూర్చున్న మనిషి. ఉపప్రధానిగా మన పింగళి వెంకట్రామారెడ్డి ఉన్నాడు. ఈ ప్రభుత్వం పాకిస్తాన్‌కి ఇరవై కోట్ల రూపాయల బాండ్లు అప్పుగా ఇచ్చింది. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ రాత్రిళ్లు విమానాల్లో ఆయుధాలు దించాడు. పల్లెల్లో రజ్వీ సాయుధ దళం రజాకార్లు చెలరేగారు. 1948 ఆగస్టులో భైరాన్‌పల్లి బురుజు కింద జరిగిన మారణకాండ తెలుగువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. అదే నెలలో ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను హైదరాబాద్ నడివీధిలో నరికేశారు. భారత్‌తో కలవడమే మేలని రాయడం ఆయన చేసిన తప్పు.

అంతకుముందే, జూన్‌లో గవర్నర్ జనరల్ మౌంట్‌బాటన్ దేశం వదిలి వెళ్లే ముందు ఇంకో అవకాశం వచ్చింది. అప్పటిదాకా ఎవరూ ఇవ్వనంత మెత్తని షరతులు. మాంక్టన్ బతిమాలాడు. నిజాం చివరి నిమిషంలో కాదన్నాడు. నా లెక్కలో యుద్ధ నిర్ణయం ఆ రోజే జరిగిపోయింది. రజ్వీ అరిచాడు, లాయక్ అలీ పథకాలు వేశాడు, కానీ సంతకం చేసే చెయ్యి ఒక్కటే.

నా చేతుల్లో ఏమీ లేదు

సెప్టెంబర్ 13న భారత సేనలు సరిహద్దు దాటాయి. 17 సాయంత్రానికి కథ ముగిసింది. మర్నాడు హైదరాబాద్ సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లొంగిపోయాడు. ట్యాంకులతో, విమానాలతో నడిచిన ఈ వ్యవహారానికి ఢిల్లీ పెట్టుకున్న పేరు పోలీసు చర్య. పోలీసు చర్య అయితే అది ఇంటి వ్యవహారం, భద్రతామండలి తలదూర్చే పని లేదు.

ఆ వారం గడవకముందే నిజాం రేడియోలో మాట్లాడాడు. రజ్వీ ముఠా హిట్లర్ పద్ధతుల్లో రాజ్యాన్ని చేజిక్కించుకుందని, తనను నిస్సహాయుణ్ని చేసిందని ఆ ప్రసంగం సారాంశం. భద్రతామండలిలో భారత్ మీద వేసిన ఫిర్యాదును వెనక్కి తీసుకుంటున్నట్టూ ప్రకటించాడు. ముప్పై ఏడేళ్లు ఫర్మానాలతో పాలించిన మనిషికి ఆ ఒక్క ఏడాదే చేతులు కట్టేసి ఉన్నాయట! నమ్మడం కష్టం. అయినా ఢిల్లీ నమ్మినట్టు నటించింది. శాంతిగా పాలన నడవాలంటే నిజాం కావాలి, నిజాం కావాలంటే నేరం వేరేవాళ్ల మీదికి పోవాలి.

1950 జనవరి 26న ఆయన హైదరాబాద్ రాష్ట్రానికి రాజప్రముఖ్, అంటే గవర్నర్‌తో సమానమైన అధినేత, అయ్యాడు. ఏటా యాభై లక్షల రాజభరణం. అంతకన్నా విలువైనది రాజ్యాంగం 361వ అధికరణం ఇచ్చిన కవచం. రాష్ట్రపతి, గవర్నర్లతో పాటు రాజప్రముఖ్ కూడా తన అధికార చర్యలకు ఏ కోర్టుకూ జవాబు చెప్పనక్కర్లేదని అప్పట్లో అందులో ఉండేది. 1956లో రాష్ట్రం విడిపోయేదాకా ఆయన ఆ పదవిలోనే ఉన్నాడు.

ఇక్కడ ఒక పిట్టకథ. 1965 యుద్ధంలో నిజాం దేశానికి ఐదు టన్నుల బంగారం దానం చేశాడని వాట్సాప్‌లో ఇప్పటికీ తిరుగుతుంటుంది. సమాచార హక్కు కింద అడిగితే తేలిందేమిటంటే, ఆయన జాతీయ రక్షణ బంగారు పథకంలో పెట్టింది 425 కిలోలు, అదీ ఆరున్నర శాతం వడ్డీకి. అది పెట్టుబడి, దానం కాదు. పంజగుట్టలో ఎముకల ఆసుపత్రి మాత్రం ఆయన ధర్మనిధి చలవే, అదే పెరిగి పెరిగి ఇప్పటి నిమ్స్ అయింది. ఆ ఆసుపత్రి మెట్లెక్కే పేదవాడికి నిజాం మీద కృతజ్ఞత ఉంటే తప్పు పట్టను. ఆసుపత్రి పుణ్యం ఆసుపత్రిదే, 1948 ఖాతా వేరే.

బేగంపేట నుంచి కరాచీ

లాయక్ అలీని బేగంపేటలో కాపలా మధ్య ఉంచారు. ఇంటి ఆడవాళ్ల పరదా కారు రోజూ లోపలికీ బయటికీ తిరుగుతుంటే కాపలావాళ్లు అలవాటు పడిపోయారని, ఒకరోజు అందులో ఆయన ఉన్నాడని పాత హైదరాబాదీలు చెప్పుకుంటారు. నిజమెంతో గానీ, 1950 మార్చిలో ఆయన మాయమై కరాచీలో తేలాడు. మాజీ ప్రధానిని బోనులో నిలబెట్టే అవకాశం దాంతో పోయింది. పన్నెండేళ్ల తర్వాత ‘ట్రాజెడీ ఆఫ్ హైదరాబాద్’ అని పుస్తకం రాశాడు. అందులో తన తరఫు వాదన తనే వినిపించుకున్నాడు. అడ్డు ప్రశ్నలు వేయడానికి ఎదురుగా వకీలు లేడు.

మిగిలింది రజ్వీ. అతని మీద మోపిన కేసుల్లో ఒకటి షోయబుల్లా హత్య. చివరికి నిలబడింది ఇంకొకటి. 1948 జనవరిలో బీబీనగర్ ఊరి మీద రజాకార్లు పడి దోచుకున్న కేసు. ప్రత్యేక ట్రిబ్యునల్ వేసిన శిక్షను సవాలు చేస్తూ సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 1953లో మెజారిటీ తీర్పు అతనికి వ్యతిరేకంగా వచ్చింది. రాజ్యాన్ని నిప్పుల్లోకి నెట్టినవాణ్ని చట్టం పట్టుకున్నది ఊరి దోపిడీదారుగానే. 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయాడు, 1970లో అక్కడే పోయాడు. 

ఇంకో కేసు గురించి న్యాయ విద్యార్థులకు తప్ప పెద్దగా తెలియదు. 1947 డిసెంబరులో వరంగల్ సుబేదారు, అంటే ఆ సుబా పాలనాధికారి, బలగాలతో గుర్తూరు మీదికి వెళ్లి కాల్పులు, దహనాలు జరిపించాడని అభియోగం. ప్రత్యేక న్యాయమూర్తి మరణశిక్ష వేశాడు. సుప్రీంకోర్టు కొట్టేసింది, ఎందుకంటే అక్కడే ఉన్న ముఖ్యమైన పోలీసు అధికారిని ప్రభుత్వం సాక్షిగా పిలవలేదు. విడిచిపెట్టిన కోర్టును తప్పుపట్టలేం. న్యాయం కావాలనుకునే ప్రభుత్వం కేసు అలా నడపదు.

గెలిచినవాళ్ల లెక్క

ఇంతదాకా ఓడినవాళ్ల సంగతి. గెలిచినవాళ్లకు కూడా ఒక లెక్క ఉంది. దాని పేరు సుందర్‌లాల్ కమిటీ నివేదిక.

సైనిక చర్య తర్వాత మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో ముస్లింల మీద జరిగిన హత్యాకాండ వార్తలు విని నెహ్రూ ఒక బృందాన్ని పంపాడు. పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ 1948 నవంబర్, డిసెంబరు నెలల్లో ఊళ్లు తిరిగారు. తక్కువలో తక్కువ అంచనా వేసినా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని రాశారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ఘోరం ఎక్కువ. కొన్నిచోట్ల సైనికుల చేయీ ఉందన్నారు. ప్రాణాలకు తెగించి పొరుగువాళ్లను కాపాడిన హిందువుల గురించీ రాశారు. పటేల్‌కు నివేదిక నచ్చలేదు. దాన్ని అటక మీద పడేశారు. పరిశోధకులు భాగాలు భాగాలుగా బయటపెడుతూ వచ్చారు. ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో అందరికీ చూడ దొరికింది 2013లో.

రజాకార్లు చేసిన దానికి ఇది జవాబు అనేవాళ్లుంటారు. భైరాన్‌పల్లిలో చనిపోయిన రైతుకూ నాందేడ్‌లో చనిపోయిన నేతగాడికీ యుద్ధం చేద్దామా వద్దా అని ఎవరూ అడగలేదు. ఒకరి చావు ఇంకొకరి ఖాతాలో రాసుకుంటే తేలేది ఏమీ లేదు.

ఆ కమిటీ ఊళ్లు తిరగడం మొదలుపెట్టడానికి కొన్నాళ్ల ముందే, 1948 నవంబరులో, టోక్యో ట్రిబ్యునల్ జపాన్ నాయకులకు శిక్షలు చెప్పింది. దురాక్రమణ యుద్ధం చేయడమే నేరం అన్నది అక్కడా, అంతకుముందు న్యూరెంబర్గ్‌లోనూ పెట్టిన అభియోగం. టోక్యోలో అందరినీ నిర్దోషులన్న ఏకైక న్యాయమూర్తి మన బెంగాలీ రాధాబినోద్ పాల్. గెలిచినవాడు ఓడినవాడికి తీర్పు చెబితే అది న్యాయం కాదన్నాడు. సగం నిజమే. మిగతా సగం ఏమిటంటే, గెలిచినవాడు తన మీద తను విచారణ అంత తేలిగ్గా పెట్టుకోడు. ఇరాక్ యుద్ధం మీద బ్రిటన్‌లో చిల్కాట్ నివేదిక రావడానికి 2016 దాకా పట్టింది, టోనీ బ్లెయిర్ బోను ఎక్కలేదు. దురాక్రమణ నేరం మీద అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకు 2018లో అధికారం వచ్చింది, ఆ కోర్టులో భారత్ సభ్యదేశం కాదు.

మన దగ్గర యుద్ధానికి ముందు పార్లమెంటు ఓటు తప్పనిసరి కాదు. మంత్రిమండలి నిర్ణయం చాలు. చైనాతో 1962 యుద్ధంలో ఓటమికి రక్షణమంత్రి కృష్ణ మీనన్ పదవి పోయింది, అది పెద్ద మినహాయింపు. ఆ ఓటమి మీద హెండర్సన్ బ్రూక్స్ విచారణ వేయించింది ఎవరో తెలుసా? హైదరాబాద్‌లో లొంగుబాటు స్వీకరించిన జె.ఎన్. చౌధురి. అప్పటికి సైన్యాధిపతి అయ్యాడు. సైన్యంలో లోపాలు చూడమన్నాడు, నిర్ణయాలు తీసుకున్న రాజకీయ నాయకుల జోలికి పోలేదు. ఆ నివేదికనూ ప్రభుత్వం ఈనాటికీ అధికారికంగా విడుదల చేయలేదు. కార్గిల్ నివేదిక నయం, కొన్ని పేజీలు తీసేసి అయినా పార్లమెంటు ముందు పెట్టారు.

లండన్‌లో తేలిన బాకీ

1948 యుద్ధానికి సంబంధించి పూర్తిగా తేలిన లెక్క ఒక్కటే ఉంది. అది డబ్బు లెక్క. లొంగుబాటు రోజుల్లో నిజాం ప్రభుత్వ సొమ్ము పది లక్షల పౌండ్లకు పైగా లండన్‌లో పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాలోకి మళ్లింది. తర్వాత నిజాం వెనక్కి కావాలన్నాడు. బ్యాంకు ఇవ్వలేదు. డెబ్భై ఏళ్లు వివాదం నడిచింది. ఆయుధాలు చేరవేసినందుకు అది మాకు రావాల్సిన సొమ్మని పాకిస్తాన్ ఒక దశలో వాదించింది. 2019 అక్టోబర్ 2న లండన్ హైకోర్టు న్యాయమూర్తి మార్కస్ స్మిత్ ఆ వాదన తోసిపుచ్చి, అప్పటికి మూడున్నర కోట్ల పౌండ్లయిన ఆ సొమ్ము భారత్‌కూ నిజాం వారసులకూ చెందుతుందన్నాడు. పెన్నీతో సహా లెక్కగట్టారు. అదే యుద్ధంలో ఎంతమంది చచ్చిపోయారన్న దాంట్లో ఒక్క కమిటీ అంచనాలోనే పదమూడు వేల తేడా ఉంది.

ఇప్పుడు ఎవరినీ బోనెక్కించలేం, అందరూ పోయారు. కాగితాలు ఉన్నాయి. తార్నాకలో రాష్ట్ర పురాతన పత్రాల భాండాగారం ఉంది. సుందర్‌లాల్ నివేదికను రాష్ట్ర ప్రభుత్వం తన ఖర్చుతో తెలుగులో, ఉర్దూలో అచ్చువేసి ప్రతి జిల్లా గ్రంథాలయానికీ పంపాలి. రజ్వీ కేసు, గుర్తూరు కేసు విచారణ రికార్డులు ఎక్కడున్నాయో వెతికి ప్రజలకు చూడనివ్వాలి. హెండర్సన్ బ్రూక్స్ నివేదిక కోసం మన ఎంపీలు లోక్‌సభలో పట్టుబట్టాలి. వచ్చే సెప్టెంబర్ 17న మీ నియోజకవర్గంలో జెండా ఎగరేయడానికి వచ్చే నాయకుణ్ని, ఏ పార్టీ అయినా సరే, ఈ మూడూ ఎప్పుడు చేస్తారని అడగండి.